ఆవిడ మోకాలు, నా బిళ్ళలు

ఏప్రిల్ 4

నా వెన్ను చూసే డాక్టరమ్మ రోజూ రాయమంది. నొప్పి పదికి ఎంత, మింగిన బిళ్ళలు ఎన్ని. ఎవరికీ చూపించక్కర్లేదట, నాకోసమేనట. నేను రెండో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. అంకెలు బాగా వచ్చు, అక్షరాలు అంతంతమాత్రం. నలభై ఏళ్ళుగా దర్జీ పనిలో కోట్ల కొలతలు రాసుకున్న పుస్తకం ఉంది, దాని వెనక పేజీల్లో రాస్తున్నాను. దీనికో కొత్త పుస్తకం దండగ.

నొప్పి ఆరు. బిళ్ళలు రెండు.

ఎవరూ చూడనిదానికి అబద్ధం ఎందుకో నాకే తెలియదు. నాలుగు.

ఏప్రిల్ 5

మా ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చి నాలుగు రోజులు. కుడి మోకాలి చిప్ప తీసి కొత్తది పెట్టారు. రోజు విడిచి రోజు ఒకాయన వచ్చి కాలు వంచుతాడు. ఆవిడ ఆయనకి జైలరు అని పేరు పెట్టింది. ఆయన ఏదో డిగ్రీల లెక్క చెప్తాడు, అది నాకు ఎక్కదు. నేను నా టేపు తీశాను. ఆవిడ కుర్చీలో కూర్చుని కాలు వెనక్కి లాగితే మడమకీ కుర్చీ కాలికీ మధ్య పదకొండు అంగుళాలు. ఇది తగ్గాలి. ఇది అర్థమవుతుంది.

ఆవిడకీ బిళ్ళలు ఇచ్చారు, సీసాలో. రోజుకి మూడు. ఒకటి జైలరు వచ్చే అరగంట ముందు. ఇచ్చే పని నాది.

నావీ అవే బిళ్ళలు. తెల్లవి.

ఏప్రిల్ 8

తొమ్మిది అంగుళాలు. జైలరు మెచ్చుకున్నాడు. ఆవిడ నాకేసి గొప్పగా చూసింది, చిన్నపిల్లలా.

బిళ్ళలు నాలుగు. ఐదు.

ఏప్రిల్ 9

మందుల షాపు అమ్మాయితో గొడవ. సోడాబుడ్డి కళ్ళజోడుది. నావి అయిపోయాయి, ఇమ్మన్నాను. ఇరవై మూడో తారీకు దాకా ఇవ్వడానికి లేదంది. చేతిలోంచి జారి సింకులో పడిపోయాయని చెప్పాను.

"పోయిన నెల కూడా సింకులోనే పడ్డాయి పెద్దాయనా" అంది.

నీ తాత వయసువాణ్ణి, నన్ను దొంగని చేస్తావా అన్నాను. జనం చూస్తున్నారు. గొంతు తగ్గించి, "తాత వయసనే ఇవ్వడం లేదు" అంది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తానంది. నీ ఇష్టం వచ్చినవాళ్ళకి చేసుకోమని వచ్చేశాను. పొగరు.

ఏప్రిల్ 10

జలుబు చేసింది.

ఏప్రిల్ 11

జలుబు ముదిరింది. ముక్కు కారడం, కడుపులో మెలి. ఆవలింతలు ఒకదాని వెనక ఒకటి. కాళ్ళు వాటంతటవే తన్నుకుంటున్నాయి, మిషన్ తొక్కలేకపోయాను. మా బావమరిది ఎదురుగా కూర్చుని కాజాలు కుడుతూ, జలుబు కాళ్ళక్కూడా వస్తుందా బావా అని అడిగాడు. నోరు మూసుకుని కాజాలు కుట్టుకోమన్నాను. ముప్పై ఏళ్ళుగా ఇద్దరం ఒకే గదిలో కూర్చుంటున్నాం. వాడి నోరు మూతపడ్డ రోజు లేదు.

ఏప్రిల్ 12

ఆవిడ సీసాలోంచి ఒకటి తీసుకున్నాను. ఒక్కటే. ఇరవై మూడున నావి రాగానే తిరిగి పెట్టేస్తాను.

గంటలో జలుబు పోయింది. చేతులు తేలికపడ్డాయి. రెండు ప్యాంట్లు పూర్తిచేశాను.

ఆవిడకి దాని బదులు జ్వరం బిళ్ళ ఇచ్చాను. అదీ తెల్లదే, గుండ్రందే. అదీ నొప్పికే కదా.

తొమ్మిది అంగుళాలు.

ఏప్రిల్ 13

తొమ్మిది.

ఏప్రిల్ 14

తొమ్మిది. జ్వరం బిళ్ళ కూడా నొప్పికే.

ఏప్రిల్ 16

పాటలాయన కోటు కత్తిరించాను. స్టేజీ మీద పాడేవాడు, ముదురు నీలం మఖ్మల్ గుడ్డ తనే తెచ్చుకున్నాడు. దూరం నుంచి తెప్పించుకున్నాడట. మంచి గుడ్డ. సాఫీగా తెగింది. కళ్ళు కాస్త బరువుగా ఉన్నాయి గాని చెయ్యి బాగానే ఆడింది.

తొమ్మిది.

ఏప్రిల్ 19

మఖ్మల్ గుడ్డకి వాలు ఉంటుంది. చేత్తో ఒకవైపు రాస్తే నున్నగా పడుకుంటుంది, ఎదురు రాస్తే లేచి నిలబడుతుంది. ముక్కలన్నీ ఒకే వాలుకి కత్తిరించాలి. లేకపోతే కోటు ఒకే గుడ్డలో రెండు రంగుల్లా కనిపిస్తుంది. ఇది పని నేర్చుకునేవాడికి మొదటి వారంలో చెప్పే సంగతి. కంటితో కూడా చూడక్కర్లేదు, అరచెయ్యి చెప్తుంది.

పాటలాయన కోటు తొడుక్కుని దీపం కింద నిలబడ్డాడు. కుడి సగం నీలం. ఎడమ సగం నలుపు.

ఆయన ముఖం ఎర్రబడింది. అప్పుడు మా బావమరిది సూది చొక్కాకి గుచ్చుకుని లేచాడు.

"నాదే తప్పండీ. గుడ్డ పరిచింది నేను. తిప్పి పరిచాను."

వాడు నా బల్ల మీద గుడ్డ ముట్టుకోనే ముట్టుకోడు. నేను ముట్టుకోనివ్వను. పాటలాయన వాణ్ణి నానా మాటలూ అన్నాడు. వాడు తల వంచుకుని విన్నాడు. నేనూ విన్నాను.

ఆయన వెళ్ళాక వాడు మళ్ళీ కాజా మొదలుపెట్టాడు. వాడి నోరు ఇవాళ మూతపడింది.

ఏప్రిల్ 23

నా బిళ్ళలు వచ్చాయి. సోడాబుడ్డి నా ముఖం చూడకుండా ఇచ్చింది. డాక్టరమ్మ ఒకసారి రమ్మందని చెప్పింది. చూద్దాంలే అన్నాను.

ఆవిడ సీసాలో తిరిగి పెట్టలేదు. నావి నాకే చాలవు.

ఏప్రిల్ 25

తొమ్మిదిన్నర. టేపు సరిగ్గా పట్టలేదేమోనని మళ్ళీ కొలిచాను. తొమ్మిదిన్నరే. వెనక్కి వస్తోంది.

జైలరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. మే పదిహేనులోగా కాలు మూలమట్టంలా, ఎల్ ఆకారంలో వంగకపోతే లోపల గట్టిపడిపోతుందట. అప్పుడు మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళి, మత్తిచ్చి, బలవంతంగా వంచాలట. అప్పటికీ పూర్తిగా రాకపోవచ్చు, జన్మంతా కుంటే కావచ్చంటున్నాడు. బిళ్ళలు వేళకి ఇస్తున్నారా అని అడిగాడు. ఇస్తున్నానన్నాను.

ఏప్రిల్ 26

రేపటి నుంచి ఆవిడవి ముట్టను.

ఏప్రిల్ 27

రేపటి నుంచి.

ఏప్రిల్ 28

జైలరు వచ్చాడు. ఆవిడ దిండు మూల నోట్లో కుక్కుకుంది, అరుపు బయటికి రాకుండా. ఆయన వంచుతున్నాడు. నేను గుమ్మంలో టేపు పట్టుకుని నిలబడ్డాను. కొంచెం వంగగానే కాలు బిగదీసేసింది. ఆయన ఆపి, కాస్త ఓర్చుకోవాలమ్మా అన్నాడు. ఆవిడ దిండు తీసి, చెమట తుడుచుకుని, నన్ను చూపించింది.

"నాకు ఓర్పు లేదండీ. మా ఆయన్ని చూసి నేర్చుకోవాలి. మూడేళ్ళ నుంచి వెన్నునొప్పితో మిషన్ తొక్కుతున్నారు. ఒక్కనాడు అబ్బా అనలేదు."

నేను లోపలికెళ్ళిపోయాను. కత్తెర పట్టుకున్నాను, దించాను. ఇస్త్రీపెట్టె పట్టుకున్నాను, దించాను. జైలరు వెళ్ళేదాకా ఆగాను. తర్వాత వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను. కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"నీ బిళ్ళలు నేను మింగుతున్నాను. నీకు జ్వరం బిళ్ళలు ఇస్తున్నాను."

ఆవిడకి మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. పదహారు రోజులన్నాను. లెక్క కరెక్టుగా ఉంది, అంకెలు నాకు బాగా వచ్చు.

చాలాసేపు కాలినే చూసుకుంది. నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను.

"అయితే నాకు ఓర్పు లేక కాదన్నమాట" అంది.

అంతే. అటు తిరిగి పడుకుంది. తిట్టినా బాగుండేది. ఇన్నాళ్ళూ ఆవిడ తనని తాను తిట్టుకుంటోంది, నా మూలాన.

సీసాలోంచి అసలు బిళ్ళ తీసి అరచేతిలో పెట్టాను. కళ్ళజోడు తెప్పించుకుని, తిప్పి చూసి, అప్పుడు మింగింది.

ఏప్రిల్ 29

మాట్లాడలేదు.

ఏప్రిల్ 30

మాట్లాడలేదు. జైలరుతో నవ్వుతూ మాట్లాడింది. ఎనిమిది అంగుళాలు.

మే 1

మాట్లాడింది. నేను మంచినీళ్ళు ఇస్తుంటే గ్లాసు అందుకోకుండా, "ఆ కోటు కూడా మీరేనా?" అంది. మీ తమ్ముడు చెప్పాడా అన్నాను. వాడు చెప్పలేదు, వాడు గుడ్డ తిప్పి పరిచే రకం కాదు, వాడు పుట్టినప్పటి నుంచి తెలుసు నాకు అంది. నేనే అన్నాను.

అప్పుడు తిట్టింది. అరగంట. నా వంశం, నా మూతి, నా పొగరు, నలభై రెండేళ్ళలో ఒక్కటీ మర్చిపోలేదు, వరసగా తీసింది. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి మంచినీళ్ళు తాగింది. నేను నిలబడే విన్నాను. చివర్న, డాక్టరమ్మ దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నాం అంది.

వెళ్తున్నాం అంది. వెళ్తున్నారు అనలేదు. ఇది రాసుకోవాలనిపించింది.

మే 3

ముగ్గురం వెళ్ళాం. ఆవిడ చక్రాల కుర్చీలో, తోసింది బావమరిది, వెనక నేను. రోజుకి ఎన్ని వేస్తున్నారని డాక్టరమ్మ అడిగింది. నాలుగన్నాను. ఇద్దరూ నాకేసి చూశారు. ఏడన్నాను.

ఇక నేను ముట్టను, ఇవాళే మానేస్తాను, నేనొక మాట అంటే అన్నట్టే అని చెప్పాను. డాక్టరమ్మ అలా మానకూడదంది. నాకు వచ్చింది జలుబు కాదట. ఒంటికి బిళ్ళ అలవాటైపోయింది, ఒక్కసారిగా లాగేస్తే ఒళ్ళు తట్టుకోలేక మళ్ళీ దాని దగ్గరికే పరిగెడుతుందంది. రెండు వారాలకి సగం బిళ్ళ చొప్పున తగ్గించుకుంటూ రావాలట. అలా అయితే నవంబర్ దాకా పడుతుంది. నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే అది నాకు తెలిసిన పనే. తప్పుగా కుట్టినదాన్ని విప్పేటప్పుడు దారం పట్టుకుని లాగితే గుడ్డ చిరుగుతుంది. ఒక్కో కుట్టే తెంపుకుంటూ రావాలి. ఎంత పొడుగు కుట్టు వేశామో అంతసేపూ కూర్చోవాలి.

డాక్టరమ్మ ఇంకొకటి చెప్పింది. మందుల షాపు అమ్మాయి నాకోసం నాలుగుసార్లు ఫోన్ చేసిందట.

రెండు సీసాలూ బావమరిది ఇంట్లో ఉంటాయి. ఏ రోజు సరుకు ఆ రోజు తెస్తాడు.

మే 4

బొత్తాల డబ్బాలో తెచ్చాడు. ఒక అరలో అక్కవి, ఒక అరలో నావి. చెయ్యి చాపమన్నాడు. నా కంటే పదేళ్ళు చిన్నవాడి ముందు చెయ్యి చాపడం నా వల్ల కాలేదు. డబ్బా బల్ల మీద పెట్టి అటు తిరగమన్నాను. వాడు తిరగలేదు. మింగాక నోరు తెరవమన్నాడు. వీపు మీద ఒక్కటి వేద్దామనుకున్నాను.

నోరు తెరిచాను. పళ్ళు కూడా తోముకోవచ్చు కదా బావా అన్నాడు.

వాడికి నోరు తిరిగి వచ్చింది. బతికాను.

మే 9

ఆరు అంగుళాలు. ఆవిడ దిండు వాడలేదు.

నొప్పి ఎనిమిది. నిజంగానే ఎనిమిది.

మే 11

పాటలాయన ఇంటికి వెళ్ళాను. నేను ఎవరి గుమ్మానికీ వెళ్ళను, కొలతలకైనా సరే వాళ్ళే నా దగ్గరికి రావాలి. వెళ్ళి, గుడ్డ తప్పు కత్తిరించింది నేను, మా బావమరిది కాదు, ఆ రోజు మీరు వాణ్ణి అన్నవన్నీ నాకు అనండి అని చెప్పాను. ఆయన, అవన్నీ ఇప్పుడు గుర్తులేవు, లోపలికి వచ్చి కూర్చోండి అన్నాడు. నల్ల ఉన్నితో ఇంకో కోటు కుట్టి ఇస్తానన్నాను. మీరే కత్తిరిస్తారా అని అడిగాడు. అడగాల్సిందే. కత్తిరించే ముందు బావమరిది చూస్తాడన్నాను.

నలభై ఏళ్ళలో అలా అనడం ఇదే మొదటిసారి.

మే 15

జైలరు తన కొలబద్ద పెట్టి చూశాడు. మూలమట్టం దాటి ఇంకా వంగింది. ఆసుపత్రికి వెళ్ళక్కర్లేదు. నా టేపు ప్రకారం నాలుగంగుళాలు. ఆయన వెళ్ళాక ఆవిడ ఏడ్చింది. నొప్పికి ఏడవనిది ఇప్పుడు ఏడ్చింది. నేను టేపు చుట్టుకుంటూ నిలబడ్డాను. అది ఎంత చుట్టినా అయిపోలేదు.

ఈవిడ కాలు దక్కింది. నా మూలాన పోవాల్సింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. నాకు దక్కే హక్కు లేనిది దక్కింది.

మే 20

ఏడు బిళ్ళల నుంచి ఆరున్నరకి. చెమటలు. ఒళ్ళంతా చీమలు పాకినట్టు. ఎవరు పలకరించినా కొట్టాలనిపించింది. ఎవరూ పలకరించలేదు, అదీ కోపంగానే ఉంది.

జూన్ 9

పాత గోధుమరంగు కోటు విప్పుతుంటే లోపలి అస్తరు గుడ్డ వెనక గట్టిగా ఏదో తగిలింది. నేనే ఎప్పుడో దాచినవి. రెండు. ఎప్పుడు దాచానో గుర్తులేదు, కుట్టు మాత్రం నాదే, చక్కగా ఉంది. దొంగతనానికి కూడా నీటుగా కుట్టాను.

ఒకటి మింగాను. ఆలోచించలేదు. ముందు మింగాను, తర్వాత ఆలోచించాను.

రెండోది పిడికిట్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. బావమరిది కాజా పూర్తిచేసి దారం కొరికాడు. వాడి ముందు పిడికిలి విప్పాను.

"రెండున్నాయి. ఒకటి వేసేశాను."

వాడు తిడతాడనుకున్నాను. బిళ్ళ తీసుకుని డబ్బాలో వేసి, ఇంకెన్ని కోట్లున్నాయి బావా అన్నాడు. ఇద్దరం కూర్చుని ఇంట్లో ఉన్న నా కోట్లన్నీ విప్పాం. ఆరు. ఇంకెక్కడా లేవు. తర్వాత ఆరింటికీ మళ్ళీ అస్తరు కుట్టాం. సాయంత్రం దాకా పట్టింది. చాలా రోజుల తర్వాత ఇద్దరం ఒకే గుడ్డ మీద పనిచేశాం. చిన్నప్పటి పాటేదో కూనిరాగం తీశాడు, తప్పుగా. సరిదిద్దలేదు.

జూన్ 30

జైలరు ఇక రానక్కర్లేదని చెప్పి వెళ్ళిపోయాడు. ఆవిడ బిళ్ళలు మానేసి పది రోజులైంది. సీసాలో ఇంకా మిగిలాయి. ఆవిడకి మానడం తేలిక. అసూయగా ఉంది. రాయకూడదు గాని ఉంది.

ఆగస్టు 12

నాలుగు నుంచి మూడున్నరకి. చేతులకి స్పర్శ తిరిగి వస్తోంది. పొద్దున కొత్త గుడ్డ తాను విప్పితే చల్లగా తగిలింది. గుడ్డ చల్లగా ఉంటుందని మర్చిపోయాను.

వెన్ను నొప్పి మాత్రం ఉంది. అది నాతోనే ఉంటుందట. డాక్టరమ్మ నేర్పిన కసరత్తులు చేస్తున్నాను. ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని ఎత్తమని, దించమని కేకలేస్తుంది. జైలరు పోయి ఈవిడ వచ్చింది.

సెప్టెంబర్ 20

ఏమీ రాయడానికి లేదు. బాగానే ఉంది. ఇలాంటి రోజు కూడా రాసుకోవాలి.

నవంబర్ 18

ఆఖరి సగం. బావమరిది డబ్బా తెరిచాడు. ఈసారి చెయ్యి చాపాను. వాడు వెంటనే ఇవ్వలేదు, ఒక నిమిషం నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఏంట్రా అన్నాను. ఏం లేదు బావా, వణుకుతోందేమో చూస్తున్నా అన్నాడు. వణికింది వాడి చెయ్యి.

నవంబర్ 29

పదకొండు రోజులు.

ఆవిడ సీసాలో మిగిలినవి ఇంట్లో ఉంచకూడదు, మందుల షాపులో తిరిగి ఇచ్చేయమని డాక్టరమ్మ చెప్పింది. మా ఆవిడా నేనూ నడిచి వెళ్ళాం. సీసా నా చేతికే ఇచ్చింది, నా సంచి బరువుగా ఉంది, మీరు పట్టుకోండి అని. సంచిలో ఏమీ లేదు. దారి పొడుగునా ఒక్కసారి కూడా నా జేబు వంక చూడలేదు. నేనే చెయ్యి జేబు మీద నొక్కిపెట్టి నడిచాను. ఆవిడ నాకంటే ముందు నడిచింది. కుంటు లేదు.

షాపులో ఎవరూ లేరు. సీసా బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి బిళ్ళలు పళ్ళెంలో పోసి, లెక్కపెట్టి, రాసుకుని, మూత ఉన్న పెట్టెలో వేసేసింది. అయిపోయింది. నేను పొద్దున్నుంచీ ఒక మాట తయారుచేసుకున్నాను. ఆ రోజు నువ్వు ఇవ్వకపోవడం వల్ల, అని మొదలవుతుంది. దారిలో రెండుసార్లు లోపల చెప్పుకున్నాను కూడా. అక్కడ నిలబడితే నోరు పెగల్లేదు. డెబ్బై ఒక్క ఏళ్ళు ఒక్కళ్ళకీ చెప్పని మాట ఒక్కసారిగా ఎలా వస్తుంది.

ఆ అమ్మాయి రాస్తోంది. తెల్లకోటు చెయ్యి జారి కలం మీద పడింది. పైకి తోసుకుంది. మళ్ళీ పడింది. మళ్ళీ తోసుకుంది. భుజాలు కూడా కిందికి వేలాడుతున్నాయి, వేరే ఎవరికో కుట్టింది ఈ పిల్లకి తగిలించారు. మూడేళ్ళుగా ఈ బల్ల ముందు నిలబడుతున్నాను. నేను కోట్లు కుట్టేవాణ్ణి. ఇది నాకు ఎప్పుడూ కనపడలేదు. నా చూపెప్పుడూ ఆ పిల్ల వెనకున్న అర మీదే ఉండేది.

"కోటు విప్పి ఇయ్యి" అన్నాను.

సోడాబుడ్డి కళ్ళజోడు సర్దుకుని మా ఆవిడ వంక చూసింది.

"ఇచ్చెయ్యమ్మా" అంది మా ఆవిడ. "ఆయనకి నోటితో చెప్పడం రాదు. ఇవ్వకపోతే సాయంత్రం దాకా ఇక్కడే నిలబడతారు."

ఇచ్చింది. టేపు నా మెడలోనే ఉంది. చెయ్యి పొడుగు రెండుంపావు ఎక్కువ. భుజం అంగుళం ఎక్కువ. పేరు అడిగాను, పుస్తకంలో ముందువైపు రాసుకోవాలి కదా. చెప్పింది. ఇన్నాళ్ళూ పేరు కూడా అడగలేదు.

ఇంటికి రాగానే చేతులు రెండూ విప్పేశాను, ఒక్కో కుట్టూ తెంపి. ఎవడు కుట్టాడో గాని వాడికి మనుషులకి భుజాలుంటాయని ఎవరూ చెప్పినట్టు లేదు. కుట్టడం కూడా అయిపోయింది. ఇస్త్రీ చేసి తగిలించాను.

షాపు తొమ్మిదికి తెరుస్తారు. ఎనిమిదిన్నరకే వెళ్తాను. ఆ తలుపు ముందు తెరవకముందే నిలబడటం నాకు బాగా అలవాటే.